కాళ్లకు మొక్కడం సాక్ష్యం కాదు

పదవీ విరమణ అనేది తల నెరిసినవాళ్ల మాట. నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది, నా కూతురికి ఇంకా పళ్లు పూర్తిగా రాలేదు. అయినా చేసిన పని నుంచి తప్పుకున్నాను, తిరిగి వెళ్లే ఉద్దేశం లేదు. కాబట్టి దీన్ని విరమణ తర్వాతి రాతగానే తీసుకోండి. పాప నిద్రపోయాకే నాకు కలం దొరుకుతుంది. మధ్యలో లేచి దాని ఊపిరి వినివచ్చి మళ్లీ కూర్చుంటాను. ఎక్కడైనా మాట తెగినట్టు ఉంటే కారణం అదే.

జగిత్యాల కేంద్రంగా నడిచే ఒక యోగా సంస్థలో పర్యవేక్షకురాలిగా పనిచేశాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మూడు చోట్లా ఉదయం తరగతులు ఉండేవి. చేరేటప్పుడు నాకు రెండు పనులు చెప్పారు. శిక్షకులు సరిగ్గా నేర్పుతున్నారో లేదో చూడాలి, కొత్తవాళ్లకు శిక్షణ ఏర్పాటు చేయాలి. ఎవరూ చెప్పని పని మరొకటి ఉంది. శిక్షకుడి మీద ఫిర్యాదు వస్తే వినాలి. మిగతావి ఎవరైనా చేయగలరు. చివరికి నా ఉద్యోగమంటే ఇదే అయింది. నా స్థానంలోకి వచ్చే అమ్మాయికి, ఇటువంటి పనిలోకి దిగే మరెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

తెలియక చేసినవాడు

ముందు ఒక చిన్న సంగతి. కోరుట్లలో మా తరగతికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. మెడ నొప్పి, నడుము నొప్పి. సగం మంది భర్తలు గల్ఫ్‌లో ఉంటారు. హిందువులూ ముస్లింలూ పక్కపక్కన చాపలు వేసుకునేవాళ్లు. వాళ్లకు నేర్పే గంగారాం సార్ నెమ్మదైన మనిషి. ఆయన ఒకసారి, రోజూ మండూకాసనం వేస్తే షుగర్ గోలీలు మానేయవచ్చని చెప్పాడు. రఫియా ఆపా నిజంగానే మానేసింది. కొన్నాళ్లకు ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో కోలుకుంది.

నేను చూడడానికి వెళ్తే ఆమె ఆయన్నే వెనకేసుకొచ్చింది. "సార్ మంచోడే బేటీ. నాకే ఆశ ఎక్కువైంది. గోలీలు మింగి మింగి ఇసుగొచ్చింది."

గంగారాం సార్‌ను పిలిచి అడిగాను. ఏ సాకూ చెప్పలేదు. మర్నాడు తరగతి మొదలయ్యే ముందు లేచి నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు: "నేను డాక్టర్ను కాదు. గోలీలు బంద్ చెయ్యుమనుడు నా తప్పు. ఎవ్వరు బంద్ చెయ్యకుండ్రి. ఆపా నన్ను మాఫ్ చెయ్యాలె."

వెనక వరుస నుంచి ఒకామె అడిగింది, "మరి మండూకాసనం బంద్ చెయ్యాల్నా సార్?" అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇది రాయడానికి కారణం ఉంది. తెలియక తప్పు చేసినవాడు దాన్ని అందరి ముందూ చెప్పగలడు. తెలిసి చేసినవాడు "పక్కకు రండి, మాట్లాడుకుందాం" అంటాడు. ఫిర్యాదు వచ్చిన మొదటి రోజే ఈ తేడా చూడండి. ఎప్పుడూ సరిపోతుందని చెప్పను, నాకు మాత్రం చాలాసార్లు సరిపోయింది.

కోరుట్లలో మరొకటి గమనించాను. ఆపాలు, అంటే ముస్లిం ఆడవాళ్లు, శిక్షకుడి కాళ్లకు మొక్కరు. తరగతి అయ్యాక "సలాం సార్" అని చాప చుట్టుకుని వెళ్తారు. వాళ్లను చూసి మిగతావాళ్లలో కూడా మొక్కాలనిపించినవాళ్లే మొక్కేవాళ్లు. గంగారాం సార్ ఎదుటి గోడ దగ్గరే కూర్చుని ఉండేవాడు. ఎవరు మొక్కారో, ఎవరు మొక్కలేదో ఆయన చూసేవాడు కాదు. అప్పట్లో ఇది చెప్పుకోవాల్సిన సంగతిగా నాకు అనిపించలేదు.

సిరిసిల్ల నుంచి వచ్చిన మమత

మమత భర్త సాంచాల మీద పనిచేస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆమె డిగ్రీ చదివింది. మా దగ్గర శిక్షకురాలిగా సర్టిఫికెట్ తీసుకుని సొంతంగా ఒక తరగతి నడపాలని ఆమె కోరిక. ఆ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే, నేర్పిన గురువు సిఫారసు చేయాలన్నది సంస్థ నియమం. ఆమె గురువు శ్రీహరి. సిరిసిల్లలో ఆయన్ని సార్ అంటే పలకడు, గురూజీ అనాలి.

ఒక రోజు వేములవాడ మీదుగా వచ్చే బస్సులో ఆమె జగిత్యాల వచ్చింది. ఆఫీసులో కూర్చుని చాలాసేపు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది, తాగలేదు.

"మేడం, నేను చెప్పేది ఇని నన్ను పరీక్షకు కూసోనియ్యరా?" అదే ఆమె మొదటి మాట.

తర్వాత చెప్పింది. శవాసనంలో అందరూ కళ్లు మూసుకున్నాక ఆయన వరుసల మధ్య తిరుగుతాడు. భుజాలు సరిచేస్తున్నట్టు చేతులు వేస్తాడు, ఆ చేతులు భుజాల దగ్గర ఆగవు. తరగతి అయ్యాక "ఆసనం సర్దడం నేర్పిస్త" అని ఆమెను ఒక్కదాన్నే ఉంచుతాడు. ఒకరోజు నడుము పట్టుకుని వదల్లేదు. ఆమె విదిలించుకుంది. అప్పుడు ఆయన కోపగించుకోలేదు, పాఠం చెప్పాడు.

"ఏమన్నడు?"

"'శరీరం వేరు, నువ్వు వేరు. నేను శరీరాన్ని పట్టుకుంటే నువ్వెందుకు పరేషానైతున్నవ్? ఇంక నీకు అహం పోలే' అన్నడు మేడం." ఆమె గ్లాసు కింద పెట్టింది. "గా మాట నేను పుస్తకంల గూడ చదివిన. మంచి మాటనే. ఇప్పుడు గా పేజీ తియ్యాల్నంటేనే ఒళ్లు జలదరిస్తది."

మా రంగంలో చెడ్డవాడి చేతికి దొరికే ఆయుధాలు ఇవే: అహం, సమర్పణ, గురువు మీద నమ్మకం. అవి ఉత్త మాటలు కావు, ఎందరినో నిలబెట్టిన మాటలు. అందుకే వాటితో కొడితే దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా తెలియదు. పోలీసుల దగ్గరికి వెళ్లాలనుకుంటే నేను తోడు వస్తానని చెప్పాను. ఇప్పుడు వద్దంది. వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వెళ్లవద్దని చెప్పే హక్కు మాత్రం సంస్థలో ఎవరికీ లేదు, ఇది గుర్తుంచుకోండి.

కూర్చోబెట్టి మాట్లాడడం

సంస్థ కార్యదర్శి రాజేశం సార్ బడిపంతులుగా రిటైరైన మనిషి. నిజాయితీ గలవాడు. ఆయన దగ్గర పనిచేయడం నా అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను. అంతటి మనిషి కూడా మమత సంగతి వినగానే, మన ఊళ్లలో పెద్దమనుషులందరూ అనే మాటే అన్నాడు.

"ఇద్దర్ని కూసోబెట్టి మాట్లాడుదాం బిడ్డా. ఎదురుంగ మాట్లాడితే ఏది నిజమో తెలుస్తది."

"ఎదురుంగ కూసుంటే తెలిసేది ఎవరి గొంతు పెద్దదన్నదే సార్," అన్నాను.

ఆయనకు నచ్చలేదు. భూమి తగాదాలు, అన్నదమ్ముల తగాదాలు ఎన్నో అట్లా కూర్చోబెట్టి తీర్చిన మనిషి. ఇది తగాదా కాదని, ఇద్దరూ చెరికొంత తగ్గితే తీరేది కాదని నచ్చజెప్పడానికి ఒక పూటంతా పట్టింది. చివరికి విడివిడిగా వింటానన్నాడు. మమత మాట నా ముందు విన్నాడు. తర్వాత శ్రీహరిని పిలిపించాడు.

శ్రీహరి తెల్లబట్టల్లో వచ్చాడు. గొంతు పెంచలేదు. అంతా విని చిన్నగా నవ్వాడు.

"సార్, మీరు పెద్దలు, మీరే చెప్పుండ్రి. ఆమె దినాం క్లాసైనంక నా కాళ్లు మొక్కి పోతది. నిన్న గూడ మొక్కింది. గట్ల చేసినోని కాళ్లు ఎవరన్న మొక్కుతరా?"

రాజేశం సార్ నా వైపు చూశాడు. ఆ చూపులో ఒక భారం దిగిపోయినట్టు ఉంది. శ్రీహరి వెళ్లాక అన్నాడు, "నేను ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన. మనసుల పగ వెట్టుకున్న పోరడు ఒక్కడు గూడ నా కాళ్లు మొక్కలె. మొక్కిందంటే, మరి..."

మా యోగా సంస్థల్లోనే పుట్టగల పొరపాటు ఇది. బయటివాళ్లకు కాళ్లకు మొక్కడం ఒక అలవాటు. మాకు అది మనసు చెప్పే మాట. కాబట్టి మొక్కిన మనిషికి ఫిర్యాదు లేనట్టే అని నమ్మేశాం. నమ్మినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు.

నేను మమతకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు అడిగాను.

"ఆయన యాడ నిలబడతడో మీరు చూసిండ్రా మేడం? దర్వాజల నిలబడతడు. బయటికి పోవాల్నంటే మొక్కి పోవాలె. అందరు మొక్కంగ నేనొక్కదాన్నే నిలుసుంటే, ఏమైంది ఏమైందని అందరు నా దిక్కే చూస్తరు. గప్పుడు నేనేం చెప్పాలె?"

నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. లోపల ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు. ఎవరైనా సరే, రేపు ఏదో ఒకటి నేర్చుకోవడానికి పోతారు. ఎవరో ఒక పెద్దమనిషి కళ్లు మూసుకోమంటాడు. వీళ్లు మూసుకుంటారు, ఎందుకంటే పెద్దల మాట వినాలని నేనే నేర్పి ఉంటాను.

గుమ్మం వదిలిన ఉదయం

రాజేశం సార్‌తో వాదించడం మానేశాను. ఒక్కటే అడిగాను. "కోరుట్లల ఎట్లుందో మూడు చోట్ల గట్లనే పెడుదాం సార్. చివరి ప్రార్థన అయినంక శిక్షకుడు తన చాప మీదనే ఉండాలె. మొక్కాలనుకున్నోళ్లు ఆయన దగ్గరికి పోతరు. పోయేటోళ్లు పోతరు. దర్వాజ ఖాళీగుండాలె."

"దీంతోని ఏమైతది?"

"ఏం కాకపోవచ్చు. మొక్కుడు మనసు మాటే అని మీరే అన్నరు కద. మనసున్నోళ్లు నాలుగడుగులు నడువరా?"

ఆయన ఒప్పుకున్నాడు. మూడు చోట్లా ఆ కబురు పంపాం, మొక్కడం ఎవరిష్టం వాళ్లదని తరగతిలో చెప్పమన్నాం. సిరిసిల్లకు మాత్రం ఇద్దరం కలిసి వెళ్లాం.

అక్కడ తరగతి ఒక కుల సంఘం భవనంలో, పై హాల్లో జరిగేది. కింది వీధిలో సాంచాల చప్పుడు అప్పటికే మొదలైంది. మేం వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాం. మమత రెండో వరుసలో ఉంది, మా వైపు చూడలేదు. తరగతి మామూలుగా సాగింది. శ్రీహరి బాగా నేర్పుతాడు, అది కూడా రాయాలి. శ్వాస గురించి ఆయన చెప్పినంత సులువుగా చెప్పేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

చివరి ప్రార్థన అయింది. శ్రీహరి ముందున్న అరుగు మీద, తన చాప మీదే నిలబడ్డాడు. గుమ్మం ఇటు, మా పక్కన ఉంది. ఆడవాళ్లు చాపలు చుట్టుకుని లేచారు. అలవాటు కొద్దీ వరుస కట్టబోయి ఆగారు. ఒక ముసలావిడ అరుగు దగ్గరికి వెళ్లి మొక్కి వచ్చింది. మరొకామె రెండడుగులు అటు వేసి వెనక్కి చూసింది.

అప్పుడు గుమ్మానికి దగ్గరగా ఉన్న ఒకామె చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ తర్వాత ఎవరూ అటు చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పుల కోసం తోపులాట అయింది. బడి గంట కొట్టాక పిల్లలు బయటపడ్డట్టు వెళ్లిపోయారు. శ్రీహరి దీవించడానికి ఎత్తిన చెయ్యిని కండువా సర్దుకుంటున్నట్టు దించుకున్నాడు.

రాజేశం సార్ గబగబా మెట్లు దిగాడు. వీధిలో ఒక పెద్దావిడను ఆపాడు. లక్ష్మమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏమమ్మా, ఇయ్యాల మొక్కకుండనే పోతున్నవ్?"

"మొక్కుడు మన ఇష్టమన్నరు గద సారూ."

"అంటే ఇష్టం లేదా?"

ఆమె చాపను ఒక చంక నుంచి మరో చంకకు మార్చుకుంది. "నా నడుము నొప్పి తగ్గింది, గందుకే వస్తున్న. మా కోడలు గూడ వస్తనన్నది. నేనే వద్దన్న."

"ఎందుకు?"

"ఎందుకని గిప్పుడు అడుగుతున్నవా సారూ? ఇన్నొద్దులు అడుగకపోతివి," అంది. అని ఆగకుండా నడిచింది.

రాజేశం సార్ అక్కడే, సాంచాల చప్పుడు మధ్య నిలబడిపోయాడు. తిరుగు బస్సులో వేములవాడ దాటాక ఒక్క మాట అన్నాడు. "నాకు మొక్కిన పిల్లలు గూడ నేను దర్వాజల నిలబడ్డందుకే మొక్కిండ్రో ఏమో." ఆ ప్రశ్న ఆయన నన్ను అడగలేదు.

తర్వాత చేసిన పని

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ ఉదయం చూసింది రుజువు కాదు. కాళ్లకు మొక్కడం ఒకరికి సాక్ష్యం కానప్పుడు, మొక్కకపోవడం ఇంకొకరి మీద సాక్ష్యం కాకూడదు. మందంతా ఒకవైపు నడిచిందని ఎవరినీ శిక్షించవద్దు. అది మాతో ఒక ప్రశ్న అడిగించింది, అంతే. ఆ ప్రశ్న పట్టుకుని నేనూ, జగిత్యాల శిక్షకురాలు ఒకరూ ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాం. మమత పేరు ఎత్తలేదు. "మీకేమన్న జరిగిందా" అని మొదలుపెట్టలేదు. "క్లాసుల ఏది బాగుంటది, ఏది బాగుండది" అని అడిగాం. చాలామంది ఏమీ చెప్పలేదు. కొందరు చెప్పారు. ఒకరికొకరు తెలియని వాళ్లు కూడా, శరీరం వేరు నువ్వు వేరు అన్న అదే పాఠాన్ని అవే మాటల్లో చెప్పారు.

మళ్లీ పిలిచి ఇవన్నీ ముందు పెట్టినప్పుడు శ్రీహరి నవ్వలేదు. "పక్కకు రాండ్రి సార్, మనం మనం మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఈడనే మాట్లాడు," అన్నాడు రాజేశం సార్.

అందరి ముందూ మాట్లాడడానికి శ్రీహరి ఒప్పుకోలేదు. సంస్థ ఆయన్ని తొలగించింది. కారణం ఏమని చెప్పాలన్న దగ్గర మళ్లీ గొడవ. కమిటీలో కొందరు "ఆరోగ్యం బాగలేక మానేసిండని చెప్దాం, సంస్థ పేరు ఖరాబైతది" అన్నారు. అట్లా చెబితే ఆయన రేపు కరీంనగర్‌లోనో ఇంకెక్కడో అదే తెల్లబట్టల్లో గుమ్మంలో నిలబడతాడని నేను వాదించాను. ఈసారి రాజేశం సార్ నా పక్కన నిలిచాడు. మూడు చోట్లా ఆయనే వెళ్లి, ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు చెప్పకుండా, ఆడవాళ్లతో తప్పుగా నడుచుకున్నందుకు శ్రీహరిని తీసేశామని చెప్పాడు. నా పై అధికారుల గురించి చెప్పుకోవాల్సి వస్తే నాకు ఇదొక్కటి చాలు.

మమత సిఫారసు సంగతి మిగిలింది. నేర్పిన గురువే సంతకం చేయాలన్న నియమాన్ని తీసేశాం. ఒక మనిషి భవిష్యత్తు మొత్తం ఒక్కడి చేతిలో పెట్టే నియమం ఎక్కడున్నా, చెడు మొదట అక్కడే చేరుతుంది. మిగిలిన శిక్షణ ఆమె కోరుట్లలో గంగారాం సార్ దగ్గర పూర్తి చేసింది. సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా బస్సులు మారుతూ రావడం, ఇంట్లో పని, భర్త సణుగుడు. తప్పు చేసింది శ్రీహరి, తిరిగింది ఆమె. దీన్ని మేం సరిచేయలేకపోయాం. ఎవరైనా సరిచేసే దారి కనిపెడితే నాకు చెప్పండి.

పరీక్షలో నెగ్గింది. సంతోషించి కమిటీ సిరిసిల్ల హాలునే ఆమెకు ఇస్తామంది. ఆమె వద్దంది.

రాజేశం సార్ నొచ్చుకున్నాడు. "మనం గింత చేసినం, మరెందుకు వద్దంటది బిడ్డా?"

నేను అడిగితే మమత చెప్పింది. "నేను గెలిచిన్నని నన్ను ఆడ నిలబెట్టాలని మీ కోరిక మేడం. మీది మంచి మనసే. కాని గా హాల్ల నిలబడితే నాకు పాఠం యాదికి రాదు, గా మనిషి యాదికొస్తడు. నేను గెలిచేటందుకు రాలే. పాఠం చెప్పేటందుకు నాకొక క్లాసు కావాలని వచ్చిన."

ఇట్లాంటి పనిలో ఉన్నవాళ్లకు చెప్పే చివరి మాట ఇదే అనుకుంటాను. న్యాయం చేశామని మనకు అనిపించినప్పుడు, అది ఆమె అడిగిందా, మనకు కావలసిందా అని ఒకసారి చూసుకోండి.

తంగళ్లపల్లి

సిరిసిల్ల పక్కనే ఉన్న తంగళ్లపల్లిలో మమత తన తరగతి మొదలుపెట్టింది. ఒక ఇంటి ముందరి రేకుల షెడ్డు కింద. పొలం పనులకు పోయేవాళ్లు, సాంచాల పనికి పోయేవాళ్ల ఇంటి ఆడవాళ్లు వస్తారు. ఉద్యోగం మానే ముందు నేను చివరగా వెళ్లి చూసిన తరగతి అదే.

వీరభద్రాసనం వేయిస్తోంది. ఒకామె మోకాలు లోపలికి వంగిపోతోంది. మమత దగ్గరికి వెళ్లి ఆగింది.

"చెయ్యి పెట్టనా అక్కా?"

"పెట్టు పోరీ, అడుగుడేంది గమ్మతిగ," అని ఆమె నవ్వింది. మమత మోకాలు మీద చెయ్యి ఆనించి సరిచేసింది.

పక్కనున్నది కొత్తగా వచ్చిన అమ్మాయి. కొంగు బిగించి నడుముకు చెక్కుకుని ఉంది. ఆమె కాలూ సరిగ్గా లేదు.

"చెయ్యి పెట్టనా చెల్లె?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "వద్దు."

"మంచిది," అంది మమత. తన కాలు ముందుకు వేసి, తన మోకాలు మీదే చూపించింది. "గిటు జరుపు. ఇంకొంచెం. గంతే." అమ్మాయి జరుపుకుంది. మమత తర్వాతి వరుసకు వెళ్లిపోయింది.

షెడ్డు కింద ఉన్నవాళ్లందరూ వాళ్ల వాళ్ల కాళ్లు చూసుకుంటున్నారు. వద్దన్న అమ్మాయి దిక్కు ఎవరూ తల తిప్పి చూడలేదు.